కార్డు మొక్కు

ఆ ఆదివారం ఉదయం చెంగల్రాయుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. చిత్తూరులో సిరితోట బజారు అనే పెద్ద దుకాణానికి వెళ్లాలి, కుక్కరుకు గాస్కెట్టు కొనాలి, పది గంటలకల్లా ఇంటికొచ్చి దోసెలు తినాలి. ఆ గాస్కెట్టు ఇప్పటికీ కొనలేదు.

బజారు గుమ్మంలోనే కోమలి అనే అమ్మాయి చేతిలో ట్యాబు పట్టుకొని ఎదురైంది. "సార్, మా స్టోర్ క్రెడిట్ కార్డు తీసుకోండి. ఏం కొన్నా పాయింట్లొస్తాయి. కార్డుండే వాళ్లకి వేరే కౌంటరు, లైనుండదు. చేరితే బహుమతి కూడా ఇస్తారు."

మార్కెట్ యార్డులో ఇరవై ఆరేళ్లుగా గుమాస్తాగిరీ చేస్తున్న మనిషిని పాయింట్లతో పడగొట్టలేరు. ఆయనను పడగొట్టింది ఆ వేరే కౌంటరు. తోడల్లుడు దేవరాజులు దగ్గర ఈ బంగారు రంగు కార్డే ఉంది. పోయిన ఏడాది ఆడి మాసపు తగ్గింపు అమ్మకాలప్పుడు అతను రెండు వేళ్లతో కార్డు చాపితే క్యాషియరు లేచి నమస్కారం పెట్టింది. చెంగల్రాయుడు సంచులు మోస్తూ ముప్పై మంది వెనక నిలబడ్డాడు. "పాపం, అన్నను గూడా ఈ లైన్లోకి రానీండమ్మా" అని దేవరాజులు జాలిపడటం, అది విని మరదలు నవ్వటం ఆయనకు ఇంకా పంటి కింద రాయిలాగే ఉంది. శ్రావణంలో బావమరిది కూతురి పెళ్లి. పెళ్లి బట్టలకు మళ్లీ ఇదే బజారు, ఇవే బంధువుల కళ్లు. ఈసారి ఆ కౌంటరు దగ్గర తాను నిలబడాలి.

దరఖాస్తు నింపి బయటికొచ్చి, కొండ ఉన్న దిక్కుకు తిరిగి, కార్డొస్తే తలనీలాలిస్తానని మొక్కుకున్నాడు. మర్నాడే ఫోనుకు సందేశం వచ్చింది: "అభినందనలు. మీ దరఖాస్తు ప్రాథమికంగా ఆమోదం పొందింది." ప్రాథమికంగా అన్న మాట ఆయన ఆఫీసు కాగితాల్లోనూ ఉంటుంది. అక్కడా దాన్ని ఎవరూ చదవరు.

"వసంతా, కార్డొచ్చేసినాది. నేను కొండకు పోతా ఉండా."

"యాడొచ్చింది? చేతికి రానీండి. అంత తొందరేంటికి?" అంది భార్య వసంతమ్మ.

"ఆయన వడ్డీకాసులవాడు. మొక్కు ఆలస్యం చేస్తే వడ్డీతో సహా లాగతాడు. గమ్మునుండు."

కార్డుకు వడ్డీ ఎంతో మాత్రం ఆయన ఎవరినీ అడగలేదు. సాయంత్రానికల్లా కల్యాణకట్టలో తలతో పాటు ముప్పై ఏళ్లుగా మెలితిప్పుతున్న మీసాన్ని కూడా సమర్పించి, గుండుకు గంధం పూసుకున్నాడు. బస్సు ఘాటురోడ్డు దిగుతుండగా రెండో సందేశం వచ్చింది. రేపు పదకొండు గంటలకు వీడియో కాల్‌లో ముఖం చూపించాలి. ఆ ముఖం ఆధార్ ఫొటోతో సరిపోవాలి.

ఆధార్ ఫొటోలో రింగుల జుట్టు, తేలు కొండి లాంటి మీసం. అద్దంలో గంధం పూసిన గుమ్మడికాయ.

"ఉండే మాట చెప్పండి. తిరుపతి గుండు ఎవరికి తెలీదు?" అంది వసంతమ్మ. వ్యవహారం మొత్తంలో పనికొచ్చే సలహా అదొక్కటే కాబట్టి చెంగల్రాయుడు దాన్ని పక్కనపెట్టాడు.

పక్కింటి మునిశేఖర్ ఏటా ద్రౌపదమ్మ తిరునాళ్లలో భారతం నాటకం ఆడతాడు. "అన్నా, అర్జునుడి విగ్గు చిరిగిపోయింది. భీముడిదైతే ఉండాది" అన్నాడు. "ఏదో ఒకటి పెట్టప్పా" అన్నాడు చెంగల్రాయుడు. భుజాల దాకా వేలాడే జుట్టును వెనక్కి ముడేసి, మీసాన్ని బంకతో అంటించారు.

"సార్, తల కుడివైపు తిప్పండి" అంది ఫోనులోని అమ్మాయి. తల తిరిగింది, జుట్టు తిరగలేదు. "ఎడమవైపు" అంది. మీసం ఒక కొస ఊడి పెదవి మీదికి జారింది. "ఒకసారి నవ్వండి సార్" అంది. చెంగల్రాయుడు నవ్వలేదు కానీ, వెనక నిలబడ్డ మునిశేఖర్ ఆపుకోలేకపోయాడు.

పది నిమిషాల్లో మూడో సందేశం. వేరొకరి పేరుతో మోసానికి ప్రయత్నించినట్టు అనుమానం, దరఖాస్తు తిరస్కరించడమైనది, మూడు నెలల తర్వాతే మళ్లీ పెట్టుకోవచ్చు.

బజారుకు పరుగెత్తితే కోమలి తల పట్టుకుంది. "గుండని చెప్పుంటే సరిపోయేది కద సార్. విగ్గేంటికి పెట్టినారు? మూడు నెలలైనాక రండి. ముఖం ఆధార్‌కి సరిపోతే చాలు."

ఆ మాటల్లో చివరిది మాత్రమే చెవికెక్కించుకొని, చెంగల్రాయుడు అటు నుంచి అటే ఆధార్ కేంద్రానికి పోయి గుండుతో కొత్త ఫొటో దిగాడు. ఇక తిరుగులేదని రసీదు తెచ్చి వసంతమ్మకు చూపించాడు.

"మూడు నెలలకు జుట్టొచ్చేస్తాది కదండీ" అంది ఆమె. ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది.

జుట్టు వచ్చింది. ఎన్నడూ లేనంత ఒత్తుగా, మీసంతో సహా వచ్చింది. ఫొటో మళ్లీ మార్చాలంటే ఇరవై రోజులు పడుతుందన్నారు. పెళ్లి బట్టలకు ఉన్నది పదే రోజులు. ఒకసారి మోసగాడి ముద్ర పడ్డవాడు కాబట్టి ఈసారి వెంట్రుకవాసి తేడా కూడా ఉండకూడదనుకున్నాడు. ఊళ్లో గుండు కొట్టించుకుంటే ఇంట్లో ఎవరు పోయారని పలకరింపులకొస్తారు. అదే కొండ మీదైతే పుణ్యం. మళ్లీ బస్సెక్కాడు. ఈసారి దేవుడికి ఏం చెప్పుకోవాలో తెలియక, కళ్లు మూసుకొని "అడ్వాన్సు స్వామీ" అన్నాడు.

మళ్లీ పెట్టిన దరఖాస్తుకు వీడియో కాల్ రెండు నిమిషాల్లో ముగిసింది. ఐదో రోజుకు కార్డు ఇంటికొచ్చింది.

పెళ్లి బట్టల రోజు చెంగల్రాయుడు వేరే కౌంటరు ముందు నిలబడి, రెండు వేళ్లతో కార్డు చాపాడు. క్యాషియరు లేచి నమస్కారం పెట్టింది. ఈ క్షణం కోసమే రెండుసార్లు తల వంచినవాడు, తోడల్లుడి ముఖం ఎలా ఉందో చూద్దామని వెనక్కి తిరిగాడు. దేవరాజులు నోట్లు చేత్తో పట్టుకొని, మామూలు లైన్లో ముప్పై మంది వెనక తీరిగ్గా నిలబడి ఉన్నాడు.

"ఏం దేవరాజులూ, ఆడ నిలబడినావే. నీ కార్డేమైంది?"

"అదా అన్నా? ఏడాదికింత ఫీజని గుంజతా ఉండారు. పోయిన నెల్లోనే కత్తిరించి పారేసినా." తర్వాత పక్కవాళ్ల వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "పాపం, అన్నకెవురూ చెప్పలేదేమో."

మరదలు నవ్వింది.

"చేరినందుకు బహుమతి సార్" అంటూ క్యాషియరు ఒక పెట్టె చేతికిచ్చింది. జుట్టు ఆరబెట్టుకునే మిషను. దీపాల కింద మెరుస్తున్న గుండుతో చెంగల్రాయుడు దాన్ని పట్టుకొని నిలబడ్డాడు.

వసంతమ్మ పెట్టెను అటూ ఇటూ తిప్పి, అడుగున ఉన్నది చదివింది.

"రెండేండ్లు గ్యారంటీ ఉండాది. అంతలోపల వచ్చేస్తాదిలే."