నర్సింగం సముద్రమును నిలబెట్టిన విధంబు

సప్తసముద్రములలో ఒక్కటియు కంటికి గాని ముక్కునకు గాని అందని దేశమున, భూమి క్రింద బొగ్గును భూమి పైన బొగ్గుదుమ్మును సమృద్ధిగా గల గోదావరిఖని పట్టణమున, కంపెనీ కాలనీలోని ఒకానొక రెండుగదుల క్వార్టరునందు, పుష్యమాసపు అపరాహ్ణము మెల్లగా వాలుచుండగా, మానవునకును సముద్రమునకును ఘోరసంగ్రామము జరిగెను. ఆ ఊరినుండి సముద్రమునకు పోయినది గోదావరి యొక్కతియే. ఆమెయు పోయినదే గాని, తిరిగి వచ్చి అక్కడ ఎట్లున్నదో చెప్పిన పాపాన పోలేదు. కావున ఈ యుద్ధమున ఉభయపక్షములకును ముఖపరిచయము లేదని శ్రోతలు మొదటనే గ్రహింతురు గాక.

కథానాయకుడు నర్సింగము. పాతాళసంచారి, తమోభేదనుడు, శిరోదీపధారి, నెలకొక్క నాగా అయినను పెట్టని ధీరుడు. ఆ ప్రాంతమువారు బాయి యని పిలుచు బొగ్గుగనిలో పైకప్పు కూలకుండ దిమ్మెలు పెట్టి నిలబెట్టుట అతని డ్యూటీ. భూమండలమునే నిలబెట్టువాడు గనుక, ఆ ఇంట భూమికి క్రిందనున్న సమస్త విషయములందును అతని మాటయే శాసనము. బోరు ఎంత లోతున పడును, గోడ ఏల బీటవారెను, చింతచెట్టు వేరు ఎందాక పోయెను, ఇవన్నియు అతడే తేల్చును. భూమికి పైనున్న విషయములు, అనగా జీతము, బియ్యము, చుట్టాలు, భార్యయైన అనసూర్యవి. ఈ సరిహద్దును పెండ్లినాటినుండి ఇరువురును దాటి యెరుగరు.

వారి ఏకైక పుత్రిక సంతోషి డిగ్రీ మొదటి సంవత్సరమున, తోడివారందరు కంప్యూటరు మీద పడుచుండగా, సముద్రశాస్త్ర పరిచయమను పాఠమును కోరి చేరెను. ఏల చేరితివని అడిగినవారికి, చూడలేదు గనుక అని చెప్పెడిది. చూడనిదాని లోతులను, ఉప్పును, ప్రవాహములను ఆ పిల్ల నోటికి నేర్చెను. ఇట్లుండ లెక్చరరు శాలిని మేడము ఒక ప్రకటన చేసెను. సముద్రజలము పొరలుపొరలుగా ఉండు తీరును మరునాడు తరగతిలో ఎవరు బాగుగా చూపుదురో, వారు కాలేజీ పక్షమున విశాఖపట్నపు విద్యార్థి ప్రదర్శనకు పోవుదురు. పోవునది ఒక్కరే. ఆ ఒక్కరు తానే కావలెనని సంతోషి అన్నము సహింపనంతగా కోరుకొనెను.

కిరాణా సారవ్వ దుకాణమున బిస్కెట్లు నింపు పెద్ద గాజుసీసా అరువు తేబడెను. చల్లని నీటికి బట్టలకు పెట్టు నీలిమందు, వేడినీటికి జిలేబీలలో వేయు ఎర్రరంగు సిద్ధమయ్యెను. నీలము ఒక పొర, ఎరుపు ఒక పొర, నడుమ కలియని సన్నని గీత. శాస్త్రజ్ఞులు దానినే థర్మోక్లైన్ అందురు. ఆ గీత నిలిచిన గెలుపు, చెదరిన ఓటమి. సరిగా ఆ సమయమున షిఫ్టు దిగి, కనుగ్రుడ్లు తప్ప తక్కినదంతయు నల్లగా, నర్సింగము గడప తొక్కెను. సముద్రపు లోపలి సంగతి యని చెవిన బడినంతనే, ఇది క్రింది విషయము, తన ఇలాఖా అని తెలిసికొని, సీసా ముందు గొంతుకూర్చుండి, ఏ పొర ఎక్కడ అని అడిగెను. వెచ్చనిది పైన, చల్లనిది క్రింద అని బిడ్డ చెప్పగా, ఆ వీరుడు మీసము తుడిచికొని గంభీరస్వరమున ఇట్లు పలికెను.

"బిడ్డా, నీకు పాలపండ్లు రాకముందుసంది నేను దిగుతున్న. దిగినకొద్దీ కాకనే. పైన మఫ్లర్ సుట్టుకున్నోడు కింద అంగీ ఇప్పుతడు. భూమైనా సముద్రమైనా, కింద అంటె కిందనే. ఆ పుస్తకం రాసినోడు ఒక్క షిఫ్టన్న దిగిండా?"

ఎండ పైనుండి గదా పడునని సంతోషి ఒక్కమారు మెల్లగా అనెను. ఆ ఇంట క్రింది విషయములందు తండ్రికి రెండవమారు ఎదురాడు ఆచారము లేదు. పిల్ల పుస్తకము మూసెను.

అంతట నర్సింగము, సముద్రము పొరలుగా నిలుచుదాక ఒంటిపై చుక్కనీరు పోసికొననని ప్రతిన చేసి, ఆ ప్రతినకు అనుకూలముగా, తన స్నానమునకై అనసూర్య హీటరు పెట్టి కాచిన బకెట్టునే యుద్ధమునకు వినియోగించెను. రక్తవర్ణ తప్తజలమును సీసా అడుగున నింపి, దానిపై మంచుముక్కల నీలజలమును, కూలనున్న కప్పు క్రింద దిమ్మె నిలుపునంత జాగ్రత్తగా పోసెను. నీలము దిగెను. ఎరుపు ఎగసెను. రెండు సైన్యములును నడుమ ఎదురుపడి, పోరాడక, కౌగిలించుకొని నేరేడుపండు రంగు దాల్చెను. నర్సింగము సారవ్వ సీసాను నిందించెను. కడిగి, గరిటెతో పోసెను, నేరేడు. నీలిమందు నకిలీదనెను, జిలేబి రంగు కల్తీదనెను, ఊపిరి బిగబట్టి చెంచాతో పోసెను. మరింత చక్కని నేరేడు. ఆడలేక మద్దెల ఓడన్నట్లున్నదని అనసూర్య వంటింటినుండి అనుటయు, ఆ మాట ఎవరికిని వినబడనట్లు ఉండుటయు జరిగెను.

అప్పుడు సంతోషి ఆ ఊదా సముద్రమును మోరీలో పారబోసి వచ్చి నిలిచెను. రెండవమారు ఎదురు చెప్పనందుకు ఆమెకు తనమీదనే కోపము వచ్చెను; కంట నీరు కూడ వచ్చెను.

"రేపు ఉత్త సీసనే పట్టుకపోత నాయినా. వైజాగ్ వేరేటోళ్లు పోతరు తియ్యి."

ఏ కప్పు కూలినప్పుడును చలింపని ఆ పాతాళవీరుడు ఈ చిన్నమాటకు కూలెను. ప్రతినను మధ్యలోనే విడిచి, స్నానపు గదిలోనికి పోయెను. అచ్చట అనసూర్య మరియొక బకెట్టు కాచి, హీటరు తీసి, నిత్యము చెప్పు మాటనే మరల చెప్పెను. "కలుపుకోని పోసుకో."

శ్రోతలారా, ఈ మాటకొక చరిత్ర గలదు. కాపురమునకు వచ్చిన నాటినుండి ఆ ఇల్లాలు ఇది చెప్పుచునే యున్నది. ఆయన కలుపక పోసికొనుచునే యున్నాడు. మొదటి చెంబునకు భుజము కాలును, చివరి చెంబునకు పండ్లు టకటకలాడును. ఇది కరెంటు లోపమని అతడు ఇన్నేండ్లు నమ్మి, కరెంటాఫీసును తిట్టుచు వచ్చెను. నేడును మొదటి చెంబు భుజమును కాల్చెను. కాని నేడు అతడు తిట్టలేదు. చెంబు ప్రక్కన పెట్టి, మోచేతివరకు చేయి ముంచి, బకెట్టు అడుగు తాకెను. అడుగున జలము మంచువలె నుండెను.

చాలసేపు అతడు ఆ చేతిని బయటికి తీయలేదు. పిమ్మట తువ్వాలు చుట్టుకొని, ఒక భుజము తెల్లగా, తక్కినదంతయు బొగ్గుగా, బిడ్డ ఎదుట నిలిచి, కంపెనీవారు ఆ క్వార్టరును ఇచ్చిన నాటినుండి ఆ గోడలు విని యెరుగని వాక్యమును పలికెను.

"నీ పుస్తకమే నిజం సంతోషీ. నాదే తప్పు. బాయిల రాయి కదలదు బిడ్డా, గందుకే కాక కిందనే కూసుంటది. నీళ్లు గట్ల కాదు. కాగినయి పైకి పోతయి, సల్లటియి కిందికి దిగుతయి."

సంతోషి పుస్తకము తెరిచెను. ఈమారు ఆమెయే సేనాపతి, నర్సింగము సీసా పట్టుకొను భటుడు. మంచునీలము ముందుగా అడుగున చేరెను. దానిపై చెంచా బోర్లించి, ఎరుపును దారముకన్న సన్నగా వదిలెను. ఎరుపు వచ్చి నీలముపై పరుండెను. నడుమ గీత నిలిచెను. ముగ్గురును వంగి చూచిరి. అనసూర్య పోపు మాడుచున్నను కదలలేదు.

సరిగా అప్పుడు, దైవము పరీక్షింపగోరినట్లు, దూరమున ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గుకై బ్లాస్టింగు జరిగెను. అది రోజూ ఆ వేళకు జరుగునదే. భూమి కంపించెను, కిటికీ అద్దములు గజగజలాడెను, స్టీలుగిన్నెలు రణభేరులు మ్రోగించెను. నర్సింగము భూమి కప్పును పట్టినట్లే రెండు చేతులతో సీసాను పట్టెను. పైనీరు త్వరలోనే నిమ్మళించెను. లోపలి గీత మాత్రము మెల్లమెల్లగా ఉబ్బి, తగ్గి, మరల ఉబ్బి, నిదురలో ఊపిరి తీయువానివలె కదలి, చివరకు నిలిచెను. తెగలేదు. పైకి కానరాక సముద్రగర్భమున పొరల నడుమ నడచు అల అదియేనని సంతోషి గుర్తుపట్టెను. పుస్తకమున దాని మాట యున్నదే గాని బొమ్మ లేదు.

మరునాడు తరగతిలో పలువురి సీసాలలో పొరలు నిలిచెను. కాని గీతను నిలిపి, బల్లను పిడికిలితో తట్టి, లోపలి అలను చూపినది సంతోషి యొక్కతియే. సముద్రమడుగు చల్లగా నుండగా గనులడుగు వేడిగా ఏల నుండునని శాలిని మేడము అందరిని అడిగెను. రాయి కదలదు, నీరు కదలునని సంతోషి చెప్పెను. ఎక్కడ చదివితివని మేడము అడుగగా, చదువలేదు, మా నాయిన చెప్పిండని చెప్పెను.

వారము తిరుగకమునుపే, ప్రదర్శనకు పోయిన సంతోషినుండి విశాఖ ఫోను వచ్చెను. వెనుక హోరుమను ధ్వని వినబడుచుండెను. నర్సింగము అన్నియు విడిచి, కాకకును చల్లదనమునకును నడుమ గీత ఉన్నదా లేదా అనియే అడిగెను. మోకాళ్లలోతున నిలిచిన బిడ్డ, వంగి చేయి ముంచి చూచి, నిజమే చెప్పెను.

"ఒడ్డుకాడ లేదు నాయినా. పైన కింద ఒక్కతీరే ఉన్నయి. అలలు ఒక్కతీరుగ కలుపుతున్నయి."

నర్సింగము తీర్పు చెప్పెను. "తానం చేసే జాగ గదా బిడ్డా. కలిపే ఉండాలె."

మరునాటి ప్రాతఃకాలమున మొదటి షిఫ్టునకు పోవుటకు ముందు, ఆ సముద్రస్తంభకుడు స్నానపు గదిలో హీటరు తీసి, చెంబును బకెట్టు అడుగుదాక దించి, నీటిని ఒకమారు, ఇంకొకమారు, గుండ్రముగా కలిపెను. వంటింట రొట్టె కాల్చుచున్న అనసూర్య ఆ చప్పుడు వినెను. ఆనాటి రొట్టె మీద నేయి ఒక చెంచా ఎక్కువ పడెను.

ఈ విజయగాథను భక్తితో విన్నవారికిని, చదివినవారికిని, మొదటి చెంబునకు భుజము కాలకుండు గాక.