నాలుగు ఉత్తరాలు, ఒక అఖండ మేధస్సు

"బామ్మర్దీ! ఈ శతాబ్దపు అతి భయంకర రహస్యం ఈ సాయంత్రం అయిదింటికి నా పాదాల దగ్గర పడి గిలగిల్లాడుతుంది!" అన్నాడు మా బావ.

బావ గడియారాలు బాగుచేస్తాడు. కంటికి భూతద్దం పెట్టుకోవడం అలవాటై, తాను డిటెక్టివునని తీర్మానించుకున్నాడు. మా అక్కనిచ్చిన పాపానికి అతని వెనక తిరిగే ఉద్యోగం నాది.

కేసు మాత్రం మా ఇంటిదే. మా చెల్లి ఆసుపత్రిలో నర్సు. రెండేళ్ల క్రితం చర్చికి చెందిన ఒక సంఘంలో చేరింది. వాళ్లు సన్యాసినులు కారు. పగలు ఉద్యోగాలు చేసుకుంటూ, పెళ్లి మానుకుని, ఒకే ఇంట్లో ప్రార్థనలతో గడుపుతారు. "మళ్లీ నా మొహం చూడకు" అంది అమ్మ ఆ రోజు కోపంలో. కోపం చల్లారాక, ఫోన్లో గొంతు పెగలదని నాలుగు ఉత్తరాలు రాసింది. జవాబు లేదు. ఊళ్లో వాళ్లేమో ఆ సంఘంలో కొరడాలతో కొట్టుకుంటారనీ, మంత్రులు వాళ్ల గుప్పిట్లో ఉన్నారనీ చెప్పి అమ్మకి నిద్ర లేకుండా చేశారు.

బావ పెట్టుడు మీసంతో, కుళాయి మేస్త్రీ వేషంలో బయల్దేరాడు. సంఘం ఇంటి గేటు దగ్గర ఆగి మూతి తడుముకున్నాడు. "బామ్మర్దీ, వేళ్లకేదో అంటుకుంది. క్లూ!"

"క్లూ కాదు బావా, గ్లూ. మీసం ఊడుతోంది."

ఇంతలో పెరట్లోంచి ఛళ్... ఛళ్... మని చప్పుడు.

"కొరడా! ఆగండి, హంతకులారా!" అంటూ బావ లోపలికి దూకాడు. అక్కడ మా చెల్లి, తాడు మీద తివాచీ వేసి కర్రతో దుమ్ము దులుపుతోంది.

"బావా? మూతికి ఏమైంది?"

మీసం అప్పటికి గడ్డం మీదికి జారింది.

ఆ ఇంటి పెద్దావిడ బయటికొచ్చింది. బావ గొంతు సవరించుకున్నాడు. "మంత్రులు మీ గుప్పిట్లో ఉన్నారట?"

"నీళ్ల ఆఫీసు గుమాస్తా కూడా మా మాట వినడండీ. వారం నుంచి కుళాయి రావట్లేదు. మీరు మేస్త్రీయే కదా, కాస్త చూస్తారా?"

"మాట మార్చకండి! కొరడాలు?"

"వెనకటికి కొందరు అలాంటి కఠిన నియమాలు పెట్టుకునేవారు. ఇక్కడ మాత్రం ఉపవాసాలూ చన్నీళ్ల స్నానాలే."

"మరి ఉత్తరాలు? విప్పి చదువుతారట!"

"కొత్తవాళ్లవి చదువుతాం. అది నిజమే. కానీ దాచం."

"అది నాకు నచ్చలేదని మొదట్లోనే చెప్పాను," అంది చెల్లి నెమ్మదిగా. "అయినా నాకు ఉత్తరాలెవరు రాస్తారులే?"

"అమ్మ రాసింది, నాలుగు," అన్నాను.

దాని చేతిలోంచి కర్ర జారిపోయింది.

"నేరస్థుడు ఈ ప్రాంగణంలోనే ఉన్నాడు!" బావ మహా ఠీవిగా వెనక్కి నడిచి, గేటు పక్క గోడలో బిగించిన పోస్టు డబ్బా మీద మోచెయ్యి ఆనించాడు. డబ్బా ఊడింది. దానితోపాటు బావ, బావతోపాటు రెండు ఇటుకలు. డబ్బాకి వెనక రేకు ఎప్పుడో తుప్పు పట్టి పోయినట్టుంది, గోడ సందులోంచి కవర్లు జలజలా రాలాయి.

"అయ్యో, ఫాదర్‌గారి ఆహ్వానం! మేం రాలేదని ఆయన ఏడాదిగా అలిగారు," అంది పెద్దావిడ.

అమ్మ కవర్లు నాలుగూ వాటిల్లోనే ఉన్నాయి. పెద్దావిడ అలవాటు కొద్దీ చెయ్యి చాపింది. చెల్లి వాటిని గుండెకి హత్తుకుంది.

"ఇవి నావండీ."

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. "చదువుకో తల్లీ," అంది.

చెల్లి అక్కడే మెట్ల మీద కూర్చుని చదివింది. మొదటిది చదువుతుంటే మొహం ఎర్రబడింది, రెండోదానికి నవ్వింది. నాలుగోది సగంలోనే మడిచి, చెప్పులు వేసుకుంది.

"ఎప్పుడొస్తావమ్మా?" అంది పెద్దావిడ.

"వస్తానండీ. ఎప్పుడన్నది అమ్మని అడిగి చెప్తాను."

నేనూ దాని వెనకే వీధిలోకి వచ్చేశాను.

"నేరం బట్టబయలు! అంతా నా పథకం ప్రకారమే జరిగింది!" డబ్బా కింద నుంచి బావ గొంతు వినిపించింది. "ఎవరైనా కాస్త నన్ను లేపుతారా?"