గుండె చోట తాళంచెవి

ఆ ఉదయం కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. వ్యాను వస్తుంది, తను చేసిన బొమ్మను అందులోకి ఎక్కించాలి, పదకొండు లోపల గ్రంథాలయం హాల్లో బొమ్మల పోటీ ప్రదర్శనకు అప్పగించాలి. ఇందులో చెడిపోవడానికి ఏముంది అనుకుంది. ఏదైనా చెడిపోయే ముందు మనసు సరిగ్గా ఈ ప్రశ్నే వేసుకుంటుంది.

ఆమె ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. ఊపిరి బిగపట్టండి, కదలకండి, అయిపోయింది వెళ్ళండి. రోజంతా ఇవే మాటలు. వచ్చినవాళ్ళు ఆమె తీసిన ఫిల్ము వైపు ఆత్రంగా చూసేవాళ్ళే గాని, తీసిన మనిషి వైపు చూసేవాళ్ళు కారు. పాత వస్తువులు ఏరి బొమ్మలు చేయడం ఆ వెలితిలోంచే మొదలైంది. పాత కోట్ల గుండీలు, ఆగిపోయిన గడియారాల పళ్ళచక్రాలు, టైపురైటరు మీటలు, చిరిగిన భూపటాలు, ఎవరికీ అక్కరలేని ఫిల్ములు. వాటిని చెక్క మీద ఒక్కొక్కటే అతికిస్తూ కూర్చుంటే లోపల ఎవరో దీపం వత్తి పెంచినట్టుండేది. తన పేరు రాసి ఉన్న గోడకు తన బొమ్మ వేలాడబోతోందని తెలిసినప్పటినుంచీ ఆమె కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

బొమ్మ ఇద్దరు పట్టుకోవలసినంత పెద్దది. మధ్యలో ఛాతీ ఎక్స్‌రే. వెన్నెముక పొడుగునా గుండీలు, ఊపిరితిత్తుల నిండా భూపటాలు. గుండె చోటు మాత్రం చాలా రోజులు ఖాళీగా ఉండిపోయింది. నిన్న సాయంత్రం అత్తగారు నడకకు వెళ్ళినప్పుడు, వంటింటి అలమరలో చచ్చిన తాళంచెవుల డబ్బా కనిపించింది. అందులో పొడవాటి ఇత్తడి చెవి ఒకటి ధగధగలాడుతోంది. దాని తలను జిగురులో ముంచి, మొన బయటికి పొడుచుకొచ్చేలా నిలబెట్టింది. గుండెను తెరవడానికి ఎవరో చెవి తీసుకుని రానక్కరలేదు, గుండే చెవి చాచి ఎదురొస్తుంది! ఆ ఆలోచనకు తన ఒళ్ళు తనకే జలదరించింది. జిగురు సీసా మీద "అంటితే వదలదు" అని రాసి ఉంది. రాసినవాడు నిజాయితీపరుడు.

"అమ్మాయ్! నా బీరువా చెవి చూశావా?" లోపలి గదిలోంచి అత్తగారి కేక.

"ఏ చెవి అత్తయ్యా?"

"ఏ చెవేమిటి, నాకేమైనా పది బీరువాలున్నాయా? పొడుగుది, ఇత్తడిది. చచ్చిన చెవుల డబ్బాలో పెట్టాను."

కోడలి గుండె జారింది. రెండో గుండె మాత్రం చెక్క మీద కదలకుండా ఉంది.

"పనికొచ్చేదాన్ని తీసుకెళ్ళి పనికిరానివాటిలో పెట్టడమేమిటి అత్తయ్యా?"

"దొంగ పనికొచ్చేవి ఉన్నచోట వెతుకుతాడు. పనికిరాని వాటి జోలికి ఏ దొంగొస్తాడే?"

అలాంటి దొంగ ఇంట్లోనే ఉంటుందని ఆవిడకు తట్టలేదు.

"ఇప్పుడంత అవసరం ఏమొచ్చింది?"

"నా కొత్త పళ్ళసెట్టు అందులో ఉంది! నిన్ననేగా తెచ్చుకున్నది. నాతో చదువుకున్నావిడ ఇవాళ వస్తోంది. దానికింకా సొంత పళ్ళే. దాని ముందు ఈ బోసినోరు వేసుకుని కూర్చోనా?"

నిజం చెబితే బొమ్మ పోతుంది. చెప్పకపోతే అత్తగారి పరువు పోతుంది. కోడలు మూడోదారి పట్టింది. అత్తగారితో కలిసి వెతకడం మొదలుపెట్టింది. పరుపులెత్తింది, చెప్పుల స్టాండు దులిపింది, బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టింది. పోగొట్టుకున్నవాళ్ళు కూడా అంత శ్రద్ధగా వెతకరు. తేలు కుట్టిన దొంగకే అది సాధ్యం.

ఆమె భర్త గడ్డం గీసుకుంటూ వచ్చాడు. "నేనే ఎక్కడో పెట్టి ఉంటానమ్మా," అన్నాడు.

"నువ్వు ముట్టుకున్నావురా?"

"లేదు. అయినా నేనే అయ్యుంటాను."

తల్లికీ భార్యకీ మధ్య బతికి బతికి, నేరం ఏమిటో తెలియకముందే ఒప్పుకోవడం అతనికి అలవాటైపోయింది. సబ్బు నురుగుతోనే ముందు గదిలోకి వెళ్ళాడు.

"ఏమోయ్," అని మెల్లగా పిలిచాడు. "ఈ గుండెను నేనెక్కడో చూశాను."

"గట్టిగా అనకండి!"

వేడినీళ్ళు పోశారు. నూనె రాశారు. అతను పట్టకారు తెచ్చి బలం కొద్దీ లాగాడు. గుండె రాలేదుగాని వెన్నుపూసలు రెండు ఊడాయి. కోడలు వాటిని ఏరుకుంటూ ఏడవడానికి సిద్ధమైంది. అప్పుడు అతని నురుగు ముఖం వెలిగింది.

"చెవి బొమ్మలోంచి రాదు. బొమ్మ బీరువా దగ్గరికి వస్తుంది కదా?"

పెళ్ళయిన తర్వాత అతనికొచ్చిన మొదటి సొంత ఆలోచన అది. ఆ ఊపులోనే మొదటి అబద్ధం కూడా ఆడేశాడు. "అమ్మా, పక్కింటావిడ నిన్ను తొందరగా రమ్మంటోంది!"

అత్తగారు గుమ్మం దాటగానే ఇద్దరూ బొమ్మనెత్తుకుని లోపలికి పరుగెత్తారు. మొన తాళంలోకి దిగింది. ఇద్దరూ చెరో పక్క పట్టుకుని, లారీ స్టీరింగు తిప్పినట్టు బొమ్మనంతా గుండ్రంగా తిప్పారు. ఒక మూల తగిలి మంచినీళ్ళ కూజా ఎగిరిపోయింది, ఇంకో మూల గోడమీది కేలండరును చించుకుపోయింది. పళ్ళచక్రం ఒకటి మంచం కిందికి దొర్లిపోయింది. టక్కుమని శబ్దమైంది! బీరువా పిడి ఎప్పుడో విరిగిపోయింది కాబట్టి బొమ్మను పట్టుకునే తలుపు లాగారు. తలుపు తెరుచుకుంది. పళ్ళసెట్టు డబ్బాలో నవ్వుతోంది. ఇద్దరూ చిన్నపిల్లల్లా చేతులు పట్టుకుని గంతులేశారు.

గంతులయ్యాక బొమ్మను వెనక్కి తిప్పారు. సగంలో ఆగింది. ఇంకా తిప్పారు. కదల్లేదు. బరువుకు చెవి తాళంలోనే వంగిపోయింది.

"పక్కింటికి తాళం వేసుంది, ఎవడ్రా పిలిచింది..." అంటూ అత్తగారు వచ్చారు. వచ్చి ఆగారు. "నా బీరువాకి ఈ ఎముకల గూడేమిటే!"

ఆవిడ గూటిని పైనుంచి కిందికి చూశారు, మధ్యలో జిగురును చూశారు, కోడలి వేళ్ళకంటిన అదే జిగురును చూశారు. ముందుగా పళ్ళు తీసి పెట్టుకున్నారు. తిట్టడానికి అవి అవసరం.

"పొద్దుటినుంచి నాతో కలిసి బియ్యం డబ్బా కూడా వెతికావా! పీకు దాన్ని!"

"పీకితే మొన లోపల విరిగిపోతుంది అత్తయ్యా. మీ బీరువాకి ఇక తాళం పడదు."

"అయితే చెక్క కొయ్యండి!"

"కొయ్యనివ్వను," అంది కోడలు. ఆ గొంతు తనదేనని గుర్తుపట్టడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది. "అత్తయ్యా, నా బతుకులో నన్నెవరైనా చూడబోయేది ఇవాళే. కొయ్యనివ్వను."

బయట హారను మోగింది. వ్యాను డ్రైవరు లోపలికొచ్చి పరిస్థితిని తలగోక్కుంటూ చూశాడు.

"రెండూ కలిసే ఉన్నాయి కదమ్మా, రెండూ ఎక్కించేస్తా. బీరువాలు మొయ్యడం నాకు మంచినీళ్ళ ప్రాయం. బొమ్మలంటేనే భయం."

"నా బీరువా గడప దాటితే నేనూ దాటతాను," అన్నారు అత్తగారు. "నా స్నేహితురాల్ని కూడా అక్కడికే రమ్మనండి. పళ్ళు చూపించడానికి ఎక్కడైతేనేం!"

పదకొండు కొట్టబోతుండగా, నలుగురు మోస్తున్న బీరువా, దాని ఛాతీ మీద ఎక్స్‌రే, వెనకే కుర్చీ పట్టుకుని అత్తగారు హాల్లోకి ప్రవేశించారు. అత్తగారు బీరువా పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు. ఎవరో గుండీని ముట్టబోయారు. "చెయ్యి తియ్యండి! మీ ఇంట్లో బీరువా లేదూ?" అని ఆవిడ కసిరారు. జనం మూగారు. ఫ్యాను గాలికి చలేసి ఆవిడ బొమ్మను పట్టుకుని తలుపు లాగి, శాలువా తీసి కప్పుకున్నారు. ఎముకల వెనక మడతపెట్టిన బట్టలు, పాత కళ్ళజోళ్ళు, మందు సీసాలు కనిపించగానే హాలంతా చప్పట్లు!

స్నేహితురాలు వచ్చి, "పళ్ళు నీవేనా?" అని అడిగింది.

"బీరువాలోంచి తీశా," అన్నారు అత్తగారు. దానికీ చప్పట్లు కొట్టారు.

న్యాయనిర్ణేత మనస్తత్వశాస్త్రం చెప్పే ప్రొఫెసరు. అతను బీరువా చుట్టూ మూడుసార్లు తిరిగాడు. "తెరవలేని గుండె, మూయలేని బీరువా! అమ్మా, దీని వెనక ఎన్నేళ్ళ సాధన ఉంది?"

"బీరువాకా? కొన్నప్పటినుంచీ తుడుస్తున్నా."

"మరి తాళంచెవి?"

"పనికొచ్చేదాన్ని పనికిరానివాటిలో దాచుకోవాలి నాయనా. అక్కడ ఎవరూ వెతకరు."

ప్రొఫెసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పక్కనే ఉన్న కోడలు 'అది నేను చేసింది' అనబోయింది. లోకానికంతా ఊపిరి బిగపట్టమని చెప్పే మనిషి ఇప్పుడు తనే బిగపట్టి నిలబడింది. పేరు రాసిన గోడ ఎక్కడో దూరంగా ఉండిపోయింది; కాపలా కూర్చున్నావిడే బొమ్మ చేసిందనుకుని మైకులో మొదటి బహుమతి అత్తగారి పేరుతో ప్రకటించారు.

"నా తప్పే," అన్నాడు భర్త, ఎవరూ అడక్కుండానే.

అత్తగారు లేచి మైకు అందుకున్నారు. "బీరువా నాది. లోపలి బట్టలు నావి. పైనున్న ఎముకలు, గుండె మా కోడలివి. నన్నడక్కుండా తీసుకుంది గాని, చక్కగా చేసింది. ఆ బహుమతి కాగితం మీద దాని పేరు రాయండి."

హాల్లోని తలలన్నీ ఒక్కసారిగా తిరిగాయి. అన్ని కళ్ళూ ఫిల్మును దాటి వచ్చి ఆమె మీద ఆగాయి. కోడలు ఊపిరి వదిలింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది వ్యాను డ్రైవరు.

తిరుగు ప్రయాణంలో వ్యానులో బీరువాకు ఆనుకుని కూర్చున్న అత్తగారు చాలాసేపు బొమ్మ వైపే చూశారు.

"అమ్మాయ్, ఆ జిగురు ఇంకా ఏమైనా మిగిలిందా?"

"మిగిలింది అత్తయ్యా. ఎందుకు?"

"ఊరికే అడిగా."

మర్నాడు ఉదయం కోడలి చేతిగడియారం ఎక్కడా కనిపించలేదు.