నాలుగు చుక్కలు, ఒక అలక

ఆ ఆదివారం ఉదయం ఫణి, అతని భార్య మేఘన రేపల్లె ప్యాసింజర్ ఎక్కాలి. కొత్తల్లుడు భోజనానికి వస్తున్నాడని అక్కడ అత్తగారు శకుంతల బొబ్బట్లకి పూర్ణం సిద్ధం చేసుకుంది. ఇక్కడ తెనాలిలో అల్లుడు స్నానం కూడా చేయకుండా మావగారి ఎంపీత్రీ ప్లేయర్‌ని విప్పుకుని కూర్చున్నాడు.

మావగారు శేషాచలం మాస్టారు రిటైరైన తెలుగు పండితులు. నాటక పద్యాలు అద్భుతంగా పాడేవారు. గొంతు ఆపరేషన్‌కి ముందు తనకి వచ్చినవన్నీ ఆ ప్లేయర్‌లో పాడి దాచుకున్నారు. ఇప్పుడు ఆయనకి మాట వస్తుంది, రాగం రాదు. సౌండు బాగుచేసి ఇస్తానని తెచ్చిన ఫణి అందులోకి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. అంతే, ప్లేయర్ ఆరిపోయింది. పద్యాలకి ఇంకో కాపీ లేదు.

బాపట్ల కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసే ఫణికి ఒక్కటే ఆశ మిగిలింది. చిప్పు పక్కన పేరూ ఊరూ లేని నాలుగు లోహపు చుక్కలున్నాయి. తయారుచేసినవాళ్ళు లోపలి తప్పులు చూసుకోవడానికి తమకోసం ఉంచుకున్న దొడ్డిదారి అది. ఏ చుక్క దగ్గర అడగాలో, ఏ చుక్క జవాబిస్తుందో ఎక్కడా రాసిలేదు. కంప్యూటర్ వెనక ప్రింటర్ తగిలించే చోటు నుంచి తీగలు లాగి, మార్చి మార్చి అడగడమే. కుదిరితే చిప్పు ముందు తన నంబరు చెబుతుంది, తర్వాత లోపలున్నదంతా ఇచ్చేస్తుంది.

రెండు చుక్కలకి తీగలు అతికాయి. మిగతా రెండింటికీ సూదులు ఆనించి పట్టుకోవాలి. ఒకటి ఫణి పట్టుకున్నాడు, రెండో చెయ్యి కీబోర్డు మీద. ఇంకోటి మేఘన పట్టుకుని, రెండో చేత్తో ప్లేయర్ కదలకుండా అదిమింది. రైలు వెళ్ళిపోయింది.

ఫోన్ మోగింది. మేఘన దాన్ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది.

"ఏంటే, బయల్దేరలేదా?" అంది శకుంతల.

ప్లేయర్ సంగతి చెప్పొద్దని ఫణి కళ్ళతోనే బతిమాలాడు.

"ఆయన రానంటున్నారమ్మా."

"టిఫినన్నా తిన్నాడా?"

"లేదు."

"ఓసారి ఫోనివ్వు."

"ఇప్పుడు మాట్లాడరమ్మా."

రాడు, తినడు, మాట్లాడడు. కొత్తల్లుడి విషయంలో ఈ మూడూ కలిస్తే దాన్ని అలక అంటారని రేపల్లెలో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. శకుంతల తమ్ముడు త్రినాథ్ ఫోన్ లాక్కున్నాడు.

"ఏం కావాలంటాడో కనుక్కోవే అమ్మాయ్!"

మేఘన అడిగింది. ఫణి తలెత్తకుండా "ఏమీ వద్దను" అన్నాడు.

ఏమీ వద్దనే అలకంత ప్రమాదం ఇంకోటి లేదని త్రినాథ్ తేల్చేశాడు.

తర్వాతి రైలుకి శకుంతల, మాస్టారు, త్రినాథ్ ముగ్గురూ తెనాలిలో దిగారు. బొబ్బట్ల క్యారియర్, పట్టుపంచె, వెండి గ్లాసుతో సహా. తలుపు తీసే ఉంది. మావగారు గుమ్మంలో నిలబడ్డా అల్లుడు లేవలేదు. కూతురూ లేవలేదు.

"ఇదీ అలిగిందిరా!" అంది శకుంతల తమ్ముడితో.

శేషాచలం గారు చేతులు జోడించారు. "అల్లుడుగారూ, మావల్ల లోటేదన్నా జరిగితే..."

"మావయ్యగారూ, కదలకండి!"

ముగ్గురూ కాళ్ళు కదపకుండా నిలిచిపోయారు.

"అంటే బల్ల కదలకూడదండి. మెల్లిగా రండి. ఆ బటన్ నొక్కి పట్టుకోవాలి, మాకింక చేతుల్లేవు."

ఆయన వచ్చి నొక్కారు. అప్పుడు చూశారు. "ఇది నాది కదూ?"

"అవునండి. నేనే పాడుచేశాను. పద్యాలు ఉన్నాయో పోయాయో కూడా తెలీదండి."

పెద్దాయన బటన్ మాత్రం వదల్లేదు.

ఫణి, మేఘన సూదులు అటూ ఇటూ మార్చుకున్నారు. ఫణి రెండో చేత్తో కీబోర్డు నొక్కాడు. తెర మీద ఒక పొడవాటి నంబరు ప్రత్యక్షమైంది.

"పలికిందండీ!" అని మేఘన అరిచింది.

ఉన్నదంతా కంప్యూటర్‌లోకి దిగేదాకా బొబ్బట్లు ఎవరూ ముట్టలేదు. తర్వాత ఫణి మొదటిది పెట్టాడు. మాస్టారి పాత కంచుగొంతు వచ్చింది, పద్యం కాదు.

"ఫణిగారూ... ఊహూ. బాబూ ఫణీ... బావుండదు. అల్లుడుగారూ... ఒరే ఫణీ... అమ్మో!"

పెళ్ళి కుదిరినప్పుడు అల్లుడిని ఎలా పిలవాలో ఆయన చేసుకున్న సాధన అది. శకుంతల కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అంతలో ఆ గొంతు పద్యం అందుకుంది. రాగం ఇల్లంతా నిండి వీధిలోకి వెళ్ళింది.

అది అయ్యాక చూస్తే మాస్టారు గోడవైపు తిరిగి కూర్చున్నారు. బొబ్బట్టు వద్దన్నారు. కాఫీ వద్దన్నారు.

"నాకు ఒక్క మాట చెప్పాలని ఎవరికీ అనిపించలేదు," అన్నారు గోడతో.

"బావగారు అలిగారే!" అన్నాడు త్రినాథ్.

ఫణి వెళ్ళి ఆయన పక్కన నేలమీద కూర్చున్నాడు. "తప్పయిపోయింది మావయ్యగారూ. ఏం కావాలో అడగండి."

ఫణి మళ్ళీ అడిగాడు. మాటల వరస మార్చి ఇంకోసారి అడిగాడు. పొద్దున్నించీ అతను చేస్తున్న పని అదే కాబట్టి విసుగు రాలేదు.

చాలాసేపటికి మాస్టారు ఇటు తిరిగారు.

"ఒరే ఫణీ," అన్నారు, "ఆ పద్యం ఇంకోసారి పెట్టు."

శకుంతల వెండి గ్లాసు తీసి మళ్ళీ సంచిలో పెట్టుకుంది. అలగని అల్లుడికి స్టీలుది చాలు.