రాడార్ పక్కన పసుపు చేను

ఎడపల్లి రాజనర్సు ఆ పొద్దున పసుపు తవ్వించాలనుకున్నాడు. కూలీలను కుదిర్చే వెంకటవ్వ అన్నమాట ప్రకారం ఆడవాళ్లను వెంటబెట్టుకుని చేనుకొచ్చింది. చేను పక్కనే వానలను పసిగట్టే రాడార్ ఉంది. ఇనుప టవర్ మీద పెద్ద తెల్లగుండు, చుట్టూ కంచె. ఆ రోజే కంచెకు కొత్తగా ఓ ఎర్రబోర్డు కట్టారు: ‘రేడియో తరంగాలు. కంచె దాటరాదు.’

అన్నీ తెలిసినట్టు మాట్లాడడం రాజనర్సుకు అలవాటు. “కంచె దగ్గర ఎక్కువసేపు నిలవడకుండ్రి. పొద్దుగాల మా బర్రె పాలియ్యలే. ఎందుకనుకున్నరు?” అన్నాడు. నిజానికి దూడ తాడు తెంపుకుని పాలన్నీ తాగేసింది.

వెంకటవ్వ పార కిందపెట్టింది. “నా మోకాళ్లు గుంజేది గందుకేనా?”

పక్కామెకు తల తిరిగింది. ఇంకొకామెకు జుట్టు రాలడం గుర్తొచ్చింది. కాసేపటికి అందరూ పని వదిలి గట్టు మీదికి చేరారు. పక్కచేనులో కొమురయ్య చెరకు కొట్టేవాళ్లు కూడా కత్తులు సర్దుకుని వాళ్ల వెనకే నడిచారు.

“ఉత్తగనే అన్న అవ్వా. పాలు దూడ తాగింది,” అంటూ రాజనర్సు వెంటపడ్డాడు.

“పని ఆగేసరికి దూడ మీదికి నూకుతున్నవా?” అంది వెంకటవ్వ.

కొమురయ్య వచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు. “చెరకు లారీ వచ్చే యాళ్లయింది. నువ్వే ఎల్లగొట్టినవ్, నువ్వే పిలుసుకరా.”

దిక్కుతోచక రాజనర్సు బోర్డు మీది నంబరుకు ఫోన్ చేశాడు. రాడార్ ఇంజనీరు ధనుంజయ్ చేతిలో మీటరుతో వచ్చాడు. “తరంగాలు ఎక్కువైతే ఇది అరుస్తది. మీరే పట్టుకుని తిరగండి,” అని వెంకటవ్వకిచ్చాడు. ఆమె కంచె పొడవునా నడిచింది. మీటరు నోరు మెదపలేదు. “తరంగాలు మీ తలల మీదికెల్లి పోతయ్. పైకెక్కి గుండు లోపలికి పోయేటోళ్లకే ప్రమాదం. అప్పుడు మేం మిషన్ బంద్ జేస్తం,” అన్నాడు ధనుంజయ్. మోకాళ్ల నొప్పికి కారణం చేజారినందుకు వెంకటవ్వ కాస్త చిన్నబుచ్చుకుంది.

సంతోషం పట్టలేక రాజనర్సు ఇంజనీరును ఛాయ్‌కి పిలిచాడు. ఇల్లు చేను గట్టునే. మోజు తీరని వెంకటవ్వ మీటరు వదలకుండా వెంట వచ్చింది, ఆమె వెనక మిగతావాళ్లు. రాజనర్సు భార్య పుష్పలత పాలులేని ఛాయ్‌ని మైక్రోవేవ్ ఓవెన్‌లో పెట్టింది. సరిగా పట్టని తలుపును చీరపేలికతో బిగించి కట్టి మీట నొక్కింది.

వెంకటవ్వ చేతిలో మీటరు కీచుమని అరిచింది. ధనుంజయ్ పరుగున పోయి ప్లగ్గు పీకాడు.

“తలుపు సందులకెల్లి తరంగాలు బయటికొస్తున్నయ్. ఎప్పటిసంది గిట్ల వాడుతున్నరు?”

“కొన్నప్పటిసంది సారూ. బోధన్ల పాతది సస్తల దొరికిందని ఈయన తెచ్చిండు. తలుపు పడ్తలేదంటే, గదంత నాకెర్కే అన్నడు,” అంది పుష్పలత.

రాజనర్సు గోడ మీది క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాడు.

వెంకటవ్వ మీటరు తిరిగిచ్చేసింది. “పాండ్రి, పోదం. చేన్లనే మంచిగుంది.”

సాయంత్రానికి పసుపు కుప్పలు పడ్డాయి, కొమురయ్య లారీ నిండింది. మధ్యాహ్నం అన్నానికి రాజనర్సు ఇంటికి ఎవరూ రాలేదు, రాజనర్సుతో సహా.