నాలుగు మైళ్ల ఎత్తు అత్తగారు

బొమ్మల మేస్త్రికి ఆ ఉదయం ఉన్నవి రెండే పనులు. తొమ్మిదింటికల్లా ఒక పెట్టె ముందడుగు పార్టీ వారి హాలుకి చేరాలి. పదింటికల్లా ఇంకో పెట్టె మున్సిపల్ ఆఫీసుకి చేరాలి. రెండు పెట్టెలు, రెండు చోట్లు, ఇందులో పొరపాటు జరగడానికి ఏముందని ఎవరైనా అనుకుంటారు. జరగాలని రాసిపెట్టి ఉంటే ఒక్క పెట్టె కూడా ఎక్కువే.

అట్ట, థర్మోకోల్, సన్నని పుల్లలు, జిగురు పెట్టి కట్టడాలకు నమూనాలు చేయడం అతని వృత్తి. రేపో మాపో గద్దెనెక్కుతుందని అందరూ అనుకుంటున్న ముందడుగు పార్టీ, ఇరవై ఏళ్లలో దేశాన్ని ఎక్కడికో తీసుకుపోయే ప్రణాళిక ఒకటి తయారుచేసింది. దాన్ని జనానికి కళ్లకు కట్టించే భారం మేస్త్రి మీద పడింది. ఇరవై అడుగుల బల్ల మీద దేశం, అందులో ఓడరేవులు, రైలుమార్గాలు, గాలిమరలు, ఫ్యాక్టరీలు అన్నీ ముందురోజే బిగించి వచ్చాడు. మిగిలింది సముద్ర వంతెన ఒక్కటే. ముప్పై ఆరు మైళ్లు, ఆరు వరుసల రోడ్డు, నడిమధ్య రైలు. అంగుళానికి రెండు మైళ్ల లెక్కన అది అడుగున్నర పొడవు తేలింది.

ఇక రెండో పెట్టె సంగతి. మేస్త్రి ఇల్లు వీధిలో చిట్టచివరిది. దాని పక్కనే ముప్పై అడుగుల కాలువ. పదకొండేళ్ల కిందట వరదకు కాలువ మీది చెక్క వంతెన కొట్టుకుపోయింది. ఇటు గట్టున మేస్త్రి అత్తగారు, అటు గట్టున ఆవిడ చెల్లెలు. ఊరి పెద్ద వంతెన మీదుగా చుట్టూ తిరిగితే రెండు గంటల నడక. అత్తగారు మొదటి ఏడాది ఒకసారి అలా వెళ్లి, మోకాళ్లు వాచి నెల్లాళ్లు మంచం పట్టారు. చెల్లెలికి తుంటి నొప్పి, బండి కుదుపులు ఇద్దరికీ పడవు. దాంతో అక్కాచెల్లెళ్లు పొద్దున ఏడింటికీ సాయంత్రం అయిదింటికీ చెరో గట్టునా నిలబడి అరుచుకుంటూ మాట్లాడుకునేవారు. ఎవరింట్లో ఎవరు అలిగారు, ఎవరికి ఉద్యోగం ఊడింది, ఎవరికి కడుపు నొప్పి అన్నీ అందులో ఉండేవి. వీధి మొత్తానికి వార్తలు అవే. కొందరు గడియారం కూడా దాన్ని బట్టే సరిచేసుకునేవారు.

"దేశానికంతా వంతెనలు కడతారుట మా అల్లుడుగారు. కాకపోతే అన్నీ అట్టవే," అనేవారు అత్తగారు, ఎవరు ఇంటికొచ్చినా.

ఆ మాట మేస్త్రికి ముల్లులా గుచ్చుకునేది. ఎందుకంటే అందులో అబద్ధం లేదు. అతను మున్సిపల్ ఆఫీసుకి ఆరు అర్జీలు పెట్టాడు. ఆరూ "వీధివారి సమ్మతి లేదు" అనే ముద్రతో తిరిగొచ్చాయి. వంతెన వస్తే అటువైపు జనమంతా తమ గుమ్మాల ముందు నుంచే నడుస్తారని వీధిలో ఒక్కరూ సంతకం పెట్టలేదు. ఉత్త కాగితానికి విలువ లేదని ఏడో అర్జీతో పాటు నమూనా కూడా చేశాడు. చిన్న నడక వంతెన, మధ్యలో ఒక బెంచీ, బెంచీ మీద మట్టితో చేసిన ఇద్దరు ముసలమ్మలు. ఒకరి ముక్కు మీద కళ్లజోడు కూడా పెట్టాడు. అదీ అడుగున్నర పొడవే అయింది.

పెట్టెల మీద పేర్లు రాయడం అతనికి అలవాటు లేదు. పేరు రాస్తే మోసేవాడికి మూత తీసి చూడాలనిపిస్తుందని పని నేర్పిన గురువు చెప్పాడు. అందుకని రంగు దారాలు కట్టేవాడు. పార్టీ పెట్టెకు ఎర్రదారం, మున్సిపాలిటీ పెట్టెకు నీలిదారం. సముద్ర వంతెన తీగలు మూత ఒత్తిడికే బిగిసి ఉన్నాయి కనక, హాలుకి చేరేదాకా దాన్ని విప్పకూడదు.

సరిగ్గా ఆ ఉదయమే అత్తగారి కళ్లజోడు కాడ ఊడింది. కట్టుకోవడానికి దారం కోసం వెతికితే ఎదురుగా రెండు పెట్టెలు. రెండు దారాలూ విప్పి, కంటికి దగ్గరగా పెట్టుకుని చూసి, ఈ వయసులో ఎర్రది బాగుండదని నీలిదారంలో జానెడు తుంచుకున్నారు. మిగిలినవి పద్ధతిగా మళ్లీ కట్టేశారు. కళ్లజోడు లేకుండా కట్టారు కనక, దేనిది దేనికి కట్టారో ఆ దేవుడికే తెలియాలి.

"ఏవండీ, బండి వచ్చింది! హారన్ కొట్టి చంపుతున్నాడు!" అంది భార్య.

"ఎర్రదారం నేను పట్టుకెళ్తా. నీలిదారం నువ్వు పనికి పోతూ మున్సిపల్ ఆఫీసులో ఇచ్చెయ్. అర్జీ పైన పెట్టు, మర్చిపోకు."

"ఆరుసార్లు ఇచ్చినదాన్ని, ఏడోసారి మర్చిపోతానా?"

హాల్లో శాతాల మాస్టారు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారు. ఆయన ఒకప్పుడు కాలేజీలో ఆర్థికశాస్త్రం చెప్పారు, ఇప్పుడు పార్టీకి ప్రణాళికలు రాస్తున్నారు. కాఫీ బాగుందా అంటే కూడా ఎంత శాతం బాగుందో చెప్పే మనిషి.

మేస్త్రి పెట్టె విప్పాడు. లోపలి నుంచి అత్తగారు, చిన్నత్తగారు చిరునవ్వుతో పైకి చూశారు.

"ఏమిటయ్యా ఇది?" మాస్టారి గొంతు కీచుమంది. "సముద్రం మీద బెంచీ ఏమిటి?"

"కొంప మునిగింది మాస్టారూ! పెట్టెలు తారుమారయ్యాయి." మేస్త్రి భార్యకు ఫోన్ చేశాడు. పెట్టె అప్పుడే ఇచ్చేశానని, ఈసారి గుమస్తా దాన్ని ముట్టుకుని మరీ తీసుకున్నాడని ఆమె సంబరంగా చెప్పింది.

అంతలో బయట కార్ల చప్పుడయింది. పార్టీ అధ్యక్షురాలు అన్న సమయానికంటే పావుగంట ముందే వచ్చేశారు.

"ఖాళీ కనిపిస్తే ప్రణాళికలో లొసుగుందని రాస్తారు," అన్నారు మాస్టారు. "నూటికి తొంభై మంది వంతెన ఉందా అనే చూస్తారు, ఎలా ఉందని కాదు. పెట్టెయ్!"

పెట్టేశాడు. ఖర్మకొద్దీ అతికినట్టు సరిపోయింది.

అధ్యక్షురాలు చేతికర్రతో దేశమంతా తిరిగారు. ఇక్కడ ఓడరేవు, ఇక్కడ లక్ష మందికి పని, ఈ రైలు వస్తే పండిన పంట రెండో రోజుకే బజారుకి చేరుతుంది. ఆవిడ కంఠస్థం చేసినట్టు కాక నమ్మి చెబుతుంటే, గోడకు నక్కిన మేస్త్రి కూడా కాసేపు తన కష్టం మరిచిపోయాడు. కర్ర తీరం వెంబడి వచ్చి బెంచీ దగ్గర ఆగింది.

ముందు వరుసలో ఒక విలేఖరి లేచింది. "మేడమ్, ఇక్కడ అంగుళానికి రెండు మైళ్లని రాశారు. ఈ లెక్కన బెంచీ మీద పెద్దావిడ నాలుగు మైళ్ల ఎత్తున్నారు. ఎవరీవిడ?"

హాలంతా గొల్లుమంది. "అది... తలసరి ఆదాయం పెరుగుదలకు సంకేతం," అన్నారు మాస్టారు, నుదురు తుడుచుకుంటూ.

"మీరు ఆగండి మాస్టారూ," అని అధ్యక్షురాలు గోడవైపు తిరిగారు. "మేస్త్రిగారూ, మీరు చెప్పండి. ఎవరీవిడ?"

అబద్ధం చెప్పే ఓపిక మేస్త్రికి లేదు. "మా అత్తగారండి," అన్నాడు. మొదలుపెట్టాక ఇక ఆగలేదు. కాలువ, వరద, మోకాళ్లు, ఆరు అర్జీలు, అరుపులు అన్నీ చెప్పేశాడు. "పదేళ్లయిందండీ, ఆవిడ చెల్లెలి పక్కన కూర్చుని. నేనేమో వంతెనలు చేసేవాణ్ణి. తల కొట్టేసినట్టుంటుందండి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అధ్యక్షురాలు కర్ర బల్ల మీద పెట్టేశారు.

"ముప్పై ఆరు మైళ్ల సముద్రం దాటిస్తామని చెబుతున్నాం. ముప్పై అడుగుల కాలువ సంగతి మనలో ఒక్కరికీ తెలీదు. పదండి, చూసొద్దాం."

ఈలోగా మున్సిపల్ ఆఫీసులో ఇంజనీరు పెట్టె విప్పాడు. పైనున్న అర్జీ చదివాడు. "అయ్యా, మా అత్తగారు తన చెల్లెల్ని చూసి వచ్చుటకు వీలుగా, మా వీధి చివర కాలువ మీద ఈ నమూనాలో చూపినట్లు వంతెన కట్టించ ప్రార్థన." నమూనా చూశాడు. ఆరు వరుసల రోడ్డు, నడుమ రైలు, కింద ఓడలు పోయే దారి. అడుగున చీటీ ఉంది: "ముందడుగు పార్టీ జాతీయ ప్రణాళిక, మొదటి విడత."

ఇంజనీరుకి చెమటలు పట్టాయి. "చెల్లెల్ని చూడ్డానికి రైలు వేయించుకుంటోందంటే, ఈ అత్తగారు ఎంత పైవాళ్ల తాలూకు మనిషో! ఆరు అర్జీలు తిప్పి పంపాం కదయ్యా!" అని గుమస్తా మీద విరుచుకుపడ్డాడు. అరగంటలో టేపులు, సున్నం డబ్బాలు, నలుగురు మనుషులతో వీధిలో దిగాడు. ఆరు వరుసలు పట్టాలంటే రెండు వైపులా ఇళ్లు పోవాల్సిందే. ఒక్కో గోడ మీదా తెల్ల గీతలు పడసాగాయి.

వీధి భగ్గుమంది. నలభై ఇళ్ల వాళ్లూ వచ్చి అత్తగారిని చుట్టుముట్టారు.

"ఏమ్మా, మీ చెల్లెల్ని చూడ్డానికి మా కొంపలు కూలాలా?" అన్నాడు దర్జీ.

"నాకేం తెలుసు నాయనా!" అని, అత్తగారు కాలువవైపు తిరిగి గొంతెత్తారు. "ఏమే చెల్లీ! మనకోసం రైలొస్తోందిటే!"

"రైలెందుకే అక్కా! ఎక్కేలోపే మా ఇల్లు దాటిపోతుంది!" అటు గట్టు నుంచి జవాబొచ్చింది. "నడవడానికి నాలుగు పలకలు చాలని చెప్పవే!"

సరిగ్గా అప్పుడే అధ్యక్షురాలి కార్లు వీధి మలుపు తిరిగాయి. ఇక అనుమానం లేదు, కూల్చడానికి పెద్దవాళ్లే వచ్చేశారని జనం రోడ్డు మీద బైఠాయించారు. దర్జీ అయితే చాప తెచ్చుకుని పడుకున్నాడు.

వెనక కారులోంచి మేస్త్రి దూకాడు. నడక వంతెన నమూనా నెత్తిన పెట్టుకుని, "ఆగండి! ఆగండి! మాది ఇదీ!" అంటూ జనాన్ని దాటుకుని ఇంజనీరు ముందు నిలబడ్డాడు.

ఇంజనీరు బెంచీని చూశాడు. ముసలమ్మల్ని చూశాడు. "ఇదా? ఇంతేనా?"

"ఇంతేనండి."

"అమ్మయ్య!" ఇంజనీరు సున్నం డబ్బా మీదే కూలబడ్డాడు. "ఇది నేనే మంజూరు చేయొచ్చు. పైకి రాయక్కర్లేదు. కాకపోతే వీధివారి సమ్మతి కావాలి."

చాప మీంచి దర్జీ లేచిన వేగం చెప్పనలవి కాదు. "ఇలా ఇవ్వండి సార్, ఎక్కడ పెట్టాలి సంతకం?" పదకొండేళ్లుగా ఒక్కటీ రాని సంతకాలు పావుగంటలో నలభై వచ్చాయి. చోటు చాలక కొందరు అర్జీ వెనకవైపు కూడా పెట్టారు. ఒకాయన, తన గుమ్మం ముందు నుంచే దారి వేయమని బతిమాలాడు.

అధ్యక్షురాలు అత్తగారి పక్కన గట్టు మీద నిలబడి అవతలి ఒడ్డు చూశారు. అక్కడ చిన్నత్తగారు కొంగుతో కళ్లు ఒత్తుకుంటున్నారు. "మాస్టారూ, దేశంలో ఇలాంటి కాలువలు ఎన్నున్నాయి?" అన్నారు అధ్యక్షురాలు.

జీవితంలో మొదటిసారి మాస్టారి దగ్గర శాతం లేదు. "తెలీదమ్మా. లెక్కపెడతాను," అన్నారు.

చెప్పినట్టే లెక్కపెట్టారు. ఊరూరికీ మనుషులు వెళ్లి అడిగి వచ్చారు. ప్రణాళిక మళ్లీ అచ్చయినప్పుడు ఓడరేవులూ రైళ్లూ సముద్ర వంతెనా అన్నీ ఉన్నాయి గానీ, అవి రెండో పేజీ నుంచి మొదలయ్యాయి. మొదటి పేజీ నిండా వీధి చివరి కాలువలే. ఏ కాలువ దగ్గర ఎవరు ఎవరికోసం ఎదురుచూస్తున్నారో కూడా రాశారు. మాస్టారి దగ్గరికి రోజూ కొత్త ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. ఆయన విసుక్కోకుండా ఒక్కోటీ చదువుతున్నారు.

మూడు నెలలకు వంతెన లేచింది. మొదటి రోజు సాయంత్రం అయిదింటికి అత్తగారు అల్లుడి చెయ్యి పట్టుకుని మధ్యదాకా నడిచారు. అటు నుంచి చెల్లెలు తుంటి పట్టుకుని వచ్చింది. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. అత్తగారు చెల్లెలి మొహం తడిమి, "ఇంత చిక్కిపోయావేమే? అక్కణ్ణుంచి తెలియలేదే," అన్నారు. చెల్లెలు ఆ చెయ్యి పట్టుకుని వదల్లేదు. మేస్త్రి అటు తిరిగి, గట్టిగానే ఉన్న రెయిలింగును ఊరికే ఊపి చూస్తూ నిలబడ్డాడు.

"అల్లుడుగారూ," అన్నారు అత్తగారు కాసేపటికి. "ఇది అట్టది కాదు కదా?"

"కాదత్తయ్యా."

"బాగా కట్టించారు," అన్నారావిడ. ఆ మాట కోసం అతను పదకొండేళ్లు ఆగాడు.

అప్పటి నుంచి అక్కాచెల్లెళ్లు రోజూ రెండుపూటలా బెంచీ మీద చేరి, తలలు దగ్గరపెట్టి, గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. నెల తిరక్కుండా నలభై ఇళ్ల వాళ్లూ కలిసి, తమ వీధికి వార్తలు అందడం లేదని మున్సిపల్ ఆఫీసులో అర్జీ పెట్టుకున్నారు.