బెజవాడ కప్పు, మా రేడియో

కొత్త రేడియో కొట్లో ఉండాలా, ఇంట్లో ఉండాలా అన్న తగువు మా ఇంట్లో నెల్లాళ్లు నడిచింది. జగ్గయ్యపేటలో మిరపకాయల వ్యాపారిని. రేడియో ఉన్న కొట్టుకే జనం వస్తారని నా వాదన. పాటలు వింటే పప్పు త్వరగా ఉడుకుతుందని మా ఆవిడ పుష్పవతి వాదన.

ఒకరోజు నందిగామ బస్సువాడు పడేసిన పేపర్లో కాలేజీల ఫుట్‌బాల్ పోటీల ఆఖరి ఆట ఫలితం కనిపించింది. ఆరు జట్లు, తలా అయిదు ఆటలు. మా బావమరిది భవానీప్రసాద్ బెజవాడ జట్టు గోల్‌కీపరు. బందరు జట్టు వాడి మీద ఆరు గోల్స్ కొట్టింది. బెజవాడకు సున్నా.

దాని కిందే వేసిన అన్ని ఆటల గోల్సూ నోటిలెక్కన కలిపాను. బందరు పంతొమ్మిది, బెజవాడ నాలుగు. తూకం ఎటు మొగ్గితే సరుకు అటే కదా! పేపరు జేబులో దాచుకుని భోజనానికి వెళ్లాను.

"పుష్పా, పందెం! మీ తమ్ముడి జట్టుకు కప్పొస్తే రేడియో ఇంట్లో. రాకపోతే కొట్లో."

"ఒట్టేనా? మళ్లీ మాట మార్చకూడదు."

"ఒట్టు!"

పాపం, ఇంత తేలిగ్గా పడిపోయిందే అని జాలిపడుతూ పేపరు తీశాను.

"అయ్యో, ఆరు గోల్సే! వాడికి ఒంట్లో బాలేదేమో. మజ్జిగ పోయనా?" అంది.

"నీ రేడియో పోయిందే!"

"ఎక్కడికండీ? ఇంటికేగా వచ్చేది. ఇటు రండి."

వంటింటి తలుపు వెనక గోడ మీద ఆరు వరసల బొగ్గు గీతలు. ఇన్నాళ్లూ పాల లెక్క అనుకున్నాను.

"గెలిస్తే రెండు గీతలు, సమానమైతే ఒకటి. ఒక్క గోల్‌తో గెలిచినా రెండే, పదింటితో గెలిచినా రెండే. మావాళ్లు నాలుగాటలు గెలిచారు, ఎనిమిది. బందరుకు అయిదున్నాయి. ఇదిగో ఇంకో రెండు." పొయ్యి దగ్గరి బొగ్గుతో గీసింది. "ఏడు. మిగతావాళ్లు ఇంకా కింద. ఈ ఆట ఆడకముందే కప్పు మాదండీ!"

"నీకెవరు చెప్పారే?"

"రూల్సు తమ్ముడు రాశాడు. ఫలితాలు మీరే పంపారు, పోపు సామాన్లు కట్టిన పేపరు పొట్లాల మీద."

బంతి మొహం చూడని మనిషి ఆరు ఊళ్ల జట్లను తలుపు వెనక వరసగా నిలబెట్టింది. వెతికి వెతికి చూశాను, ఒక్క గీత తప్పు లేదు. ఇరవయ్యేళ్లుగా కాటా పట్టినవాణ్ని, పేపరు మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

సాయంత్రం రేడియో మోసుకొచ్చి, డాబా ఎక్కి ఏరియల్ తీగ కట్టబోయాను.

"వినపడుతోందా?" అని కేకేశాను.

"భేషుగ్గా ఉందండీ! ఆ తీగ వదలకండి, వదిలితే గరగరమంటోంది. పాటలయ్యేదాకా అలాగే పట్టుకోండి!"

పట్టుకున్నాను.